ఇంటిల్లిపాదికీ పథ్యం

ఎంత తిన్నా ఆకలి తీరని పిల్లలు కొందరుంటారు. ఇంట్లో వాళ్లు వంటింటికి తాళం వేసుకోవలసి వస్తుంది. ప్రాడర్-విల్లీ అనే ఈ జబ్బు పుట్టుకతోనే వస్తుంది. 15వ క్రోమోజోములో తండ్రి వైపు నుంచి అందవలసిన కొన్ని జన్యువులు పనిచేయవు. కడుపు నిండిందన్న కబురు మెదడుకు సరిగా చేరదు. పసితనం దాటాక మొదలైన ఆకలి ఇక వదలదు, దాని వెంటే బరువూ పెరుగుతుంది.

చైనాలోని గ్వాంగ్‌డాంగ్ మహిళా శిశు ఆసుపత్రిలో ఇలాంటి 17 మంది పిల్లలను చేర్చుకుని లీపింగ్ ఝావో బృందం ఒక ప్రయోగం చేసింది. ఝావో అప్పట్లో షాంఘై జియావో తోంగ్ విశ్వవిద్యాలయంలో సూక్ష్మజీవ శాస్త్రవేత్త. జన్యులోపం ఏమీ లేకుండా, మన ఇళ్లలో చూసేలాగే తిండి వల్లా కదలిక లేకపోవడం వల్లా లావెక్కిన పిల్లలు మరో 21 మందిని కూడా చేర్చుకున్నారు. అందరికీ పెట్టింది ప్రధానంగా జావ. ఓట్స్, మొక్కజొన్న, చిక్కుడు గింజలు, సోయా, వేరుశనగ, తామర గింజలు ఇలా పన్నెండు రకాలతో చేసింది. దానికి తోడు కాకరకాయ, పేగుల్లోని బ్యాక్టీరియాకు మేతగా పనికొచ్చే పీచు ఇచ్చారు.

నెల తిరిగేసరికి మామూలు ఊబకాయం ఉన్న పిల్లలు తమ బరువులో సగటున 9.5 శాతం తగ్గారు. ప్రాడర్-విల్లీ పిల్లలు మూడు నెలల్లో 18 శాతం దాకా తగ్గారు. 2015లో వెలువడిన ఈ ఫలితాలు చదివి రేపటి నుంచి జావ మీదే బతకాలని ఎవరూ అనుకోవద్దు. ఆసుపత్రిలో ఉంచి, కొలిచి పెడితే ఎవరైనా కొంత తగ్గుతారు. పోల్చి చూసుకోవడానికి మామూలు తిండి తిన్న మరో బృందం ఆ ప్రయోగంలో లేదు. అందుకే బరువు లెక్కల కన్నా ఆ తర్వాత వాళ్లు చేసిన పని నాకు ముఖ్యమనిపించింది.

ఒకే పిల్లవాడి మలం, పథ్యానికి ముందుదీ తర్వాతదీ తీసుకున్నారు. పుట్టినప్పటి నుంచీ ఏ బ్యాక్టీరియా సోకకుండా పెంచిన ఎలుకల పేగుల్లోకి వాటిని విడివిడిగా ఎక్కించారు. ముందు నాటి బ్యాక్టీరియా ఎక్కిన ఎలుకల పేగుల్లో వాపు లక్షణాలు ఎక్కువ కనిపించాయి. వాటి కొవ్వు కణాలు కూడా పెద్దవయ్యాయి. తర్వాతి బ్యాక్టీరియా ఎక్కిన ఎలుకల్లో ఆ తీవ్రత లేదు. పిల్లవాడు అతడే, జన్యువులూ అవే. పళ్లెం మారింది, దాని వెంట పేగుల్లోని జనాభా మారింది. ఇంకో సంగతి, జన్యులోపం ఉన్న పిల్లలకూ లేని పిల్లలకూ పథ్యానికి ముందు పేగుల్లోని బ్యాక్టీరియా చాలావరకు ఒకే తీరుగా ఉంది. కారణాలు వేరైనా రెండు గుంపులూ తింటున్న తిండి ఒకే రకానిది.

ఝావో ఈ దారి పట్టడానికి ఆయన సొంత పొట్ట కూడా ఒక కారణం. 2006 నుంచి ముడి ధాన్యాలతోపాటు కాకరకాయ, చైనా పెండలం దుంప తింటూ రెండేళ్లలో 20 కిలోలు తగ్గారు. ఆ కాలమంతా తన మలాన్ని తానే పరీక్షించుకున్నారు. ఫీకాలిబ్యాక్టీరియం ప్రాస్నిట్జై అనే బ్యాక్టీరియా మొదట్లో ఆయనలో కనిపించనే లేదు. తర్వాత మొత్తం బ్యాక్టీరియాలో 14.5 శాతానికి చేరింది. పేగు గోడను కాపాడే జాతుల్లో అదొకటి.

ఎలుకలు చెప్పిన మాట

తిండికీ బరువుకీ నడుమ బ్యాక్టీరియా కూడా ఒక పాత్రధారి అని గట్టిగా చూపించింది అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరం. అక్కడి వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ గోర్డన్ ప్రయోగశాల 2004లో ఒక చిన్న ప్రయోగం చేసింది. బ్యాక్టీరియా లేని ఎలుకలకు మామూలు ఎలుకల పేగు బ్యాక్టీరియా ఎక్కించారు. రెండు వారాల్లో వాటి ఒంట్లో కొవ్వు 60 శాతం పెరిగింది. అంతకు ముందుకన్నా అవి తక్కువే తిన్నాయి. తిండిలో నుంచి శక్తిని పిండుకోవడంలో, దాన్ని కొవ్వుగా దాచుకోవడంలో బ్యాక్టీరియా చెయ్యి ఉందని అర్థమైంది.

అదే ప్రయోగశాల 2013లో కవల అక్కచెల్లెళ్ల జంటలను తీసుకుంది. జంటలో ఒకరు లావు, ఒకరు సన్నం. ఇద్దరి పేగు బ్యాక్టీరియానూ వేర్వేరు ఎలుకలకు ఎక్కిస్తే లావు కవల బ్యాక్టీరియా అందుకున్న ఎలుకల్లో కొవ్వు ఎక్కువ చేరింది. తర్వాత రెండు రకాల ఎలుకలనూ ఒకే బోనులో ఉంచారు. ఎలుకలు ఒకదాని పెంటిక ఒకటి తింటాయి, కాబట్టి బ్యాక్టీరియా చేతులు మారుతుంది. సన్నటి కవల బ్యాక్టీరియా లావు వైపు ఎలుకల్లో చేరి కొవ్వు పెరగకుండా అడ్డుకుంది. కానీ ఇది జరిగింది పీచు ఎక్కువగా, కొవ్వు తక్కువగా ఉన్న మేత పెట్టినప్పుడే. కొవ్వు ఎక్కువగా, పళ్లూ కూరగాయలూ తక్కువగా ఉన్న మేత పెట్టినప్పుడు మంచి బ్యాక్టీరియా వచ్చినా నిలవలేదు. ఆ మేతలో దానికి తినడానికేమీ లేదు.

ఈ వ్యాసంలో తల్లిదండ్రులు పట్టుకోవలసిన ముక్క ఏదైనా ఉంటే అది ఇదేనని నేననుకుంటున్నాను. పెరుగు సీసాల మీద, క్యాప్సూల్ డబ్బాల మీద 'మంచి బ్యాక్టీరియా' అని అచ్చేసి అమ్ముతున్నారు. ఇంట్లో మేత లేనిచోట ఆ అతిథి నాలుగు రోజులుండి వెళ్లిపోతుంది.

మేత అంటే పీచు. మనం తిన్న పిండిపదార్థం, మాంసకృత్తులు, కొవ్వు చాలావరకు చిన్నపేగులోనే అరిగి రక్తంలో కలుస్తాయి. మన ఎంజైములకు లొంగని పీచు మాత్రం పెద్దపేగు దాకా ప్రయాణం చేస్తుంది. అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి ఎసిటేట్, ప్రొపియొనేట్, బ్యుటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలు తయారుచేస్తుంది. బ్యుటిరేట్ పేగు గోడ కణాలకు ఆహారం. గోడ గట్టిగా ఉంటే బ్యాక్టీరియా విషపదార్థాలు రక్తంలోకి జారవు, ఒంట్లో సన్నగా రగిలే వాపు తగ్గుతుంది. ఈ ఆమ్లాలే పేగులోని కొన్ని కణాలను తట్టి జీఎల్పీ-1 అనే హార్మోన్‌ను విడుదల చేయిస్తాయి. 'ఇక చాలు' అని మెదడుకు చెప్పే హార్మోన్లలో అదొకటి. బరువు తగ్గించే సూదిమందుగా ఇప్పుడు అందరి నోటా వినిపిస్తున్న సెమాగ్లూటైడ్ అనుకరించేది దాన్నే. పీచు చేసే పని సూదిమందంత బలమైనది కాదు. కానీ అది రోజూ జరిగేది, పిల్లల చేత జీవితాంతం చేయించగలిగేది.

పిల్లల మీదే దీన్ని పరీక్షించిన వాళ్లున్నారు. కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయంలో రేలీన్ రైమర్ బృందం 7 నుంచి 12 ఏళ్ల మధ్య అధిక బరువున్న 42 మంది పిల్లలను రెండు గుంపులు చేసింది. ఒక గుంపుకు రోజూ 8 గ్రాముల ఇన్యులిన్ రకం పీచు, రెండో గుంపుకు చూడడానికి అలాగే ఉండే ఉత్తి పొడి ఇచ్చారు. 16 వారాల తర్వాత పీచు తిన్న పిల్లల్లో ఒంటి కొవ్వు శాతం తగ్గింది, బైఫిడోబ్యాక్టీరియా పెరిగింది. 2017 నాటి ఈ అధ్యయనంలో బరువు తేడా చిన్నదే. ఇన్యులిన్ దొరికేది ఏ అపురూప వస్తువులోనో కాదు, ఉల్లిపాయలోనూ వెల్లుల్లిలోనూ ఉంటుంది.

జొన్న సంకటి తినే ఊళ్లు

ఇటలీకి చెందిన కార్లోటా డి ఫిలిప్పో బృందం 2010లో రెండు ప్రాంతాల పిల్లలను పోల్చింది. ఒకటి ఫ్లోరెన్స్ నగరం, ఇంకొకటి పశ్చిమ ఆఫ్రికా దేశం బుర్కినాఫాసోలోని బౌల్‌పోన్ గ్రామం. ఆ ఊళ్లో పిల్లలు తినేది సజ్జ, జొన్న పిండి ఉడికించి చేసిన గట్టి సంకటి, ఆకుకూరల పులుసు, అలసందలు. మన రాయలసీమ, పాలమూరు పెద్దలకు ఈ పళ్లెం గురించి వివరించి చెప్పనక్కర్లేదు. ఆ పిల్లల పేగుల్లో పీచును జీర్ణం చేసే ప్రెవోటెల్లా జాతి పుష్కలంగా ఉంది. చిన్న కొవ్వు ఆమ్లాలు ఫ్లోరెన్స్ పిల్లలకన్నా చాలా ఎక్కువ. మన దేశంలో భోపాల్, కేరళ ప్రాంతాల వాళ్ల పేగు బ్యాక్టీరియాను పోల్చిన 2019 నాటి అధ్యయనంలోనూ, శాకాహారం ఎక్కువగా తినే భోపాల్ వాళ్లలో ప్రెవోటెల్లాదే పైచేయి.

ఈ సంపద చేజారడానికి ఎక్కువ కాలం పట్టదు. ఆగ్నేయాసియా నుంచి అమెరికాలోని మిన్నెసోటాకు వలస వెళ్లిన మాంగ్, కరెన్ జాతుల వాళ్లను 2018లో పరిశీలించారు. కొద్ది నెలల్లోనే వాళ్ల పేగుల్లో బ్యాక్టీరియా రకాలు తగ్గడం మొదలైంది. అక్కడే పుట్టిన పిల్లల్లో మరింత తగ్గాయి. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పిల్లల్ని పెంచుతున్న మన వాళ్లు ఈ అధ్యయనం గురించి తెలుసుకోవాలి. హైదరాబాద్‌లో, విజయవాడలో యాప్‌లో బర్గర్ తెప్పించుకుంటున్న వాళ్లకూ ఇది వర్తిస్తుంది. విమానం ఎక్కకుండానే పళ్లెం వలస పోయింది.

ఇంత చెప్పాక అవతలి పక్షం కూడా చెప్పాలి. 'లావు మనుషుల బ్యాక్టీరియా ఇలా ఉంటుంది' అని గీత గీసి చెప్పగలమని మొదట్లో శాస్త్రవేత్తలు ఆశపడ్డారు. 2016లో అప్పటిదాకా వచ్చిన సమాచారాన్ని కలిపి చూస్తే మనుషుల్లో ఆ సంబంధం బలహీనంగానే తేలింది. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో ఊబకాయం ఉన్న 87 మంది కౌమార వయస్కుల్లో కొందరికి సన్నటి, ఆరోగ్యవంతులైన దాతల మలంలోని బ్యాక్టీరియాను క్యాప్సూళ్లలో ఇచ్చారు. 2020లో వచ్చిన ఫలితం ప్రకారం బరువు తగ్గలేదు. అయితే పొట్ట దగ్గరి కొవ్వు వాటా కొంత తగ్గింది. మెటబాలిక్ సిండ్రోమ్, అంటే రక్తంలో చక్కెర, కొవ్వులు, బీపీ కలిసికట్టుగా చెడడం, కొందరిలో నయమైంది. ఆ పిల్లల తిండి మాత్రం మార్చలేదు. కొత్త బ్యాక్టీరియాకు మేత దొరికి ఉంటే ఏమయ్యేదన్నది నాకు మిగిలిన ప్రశ్న.

పదేళ్ల లెక్క

బ్యాక్టీరియా సంగతి ఇంకా ఎవరికీ పట్టని రోజుల్లోనే పిల్లల ఊబకాయానికి నిలిచే వైద్యం ఎక్కడుందో చూపించినవాడు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త లెనార్డ్ ఎప్‌స్టీన్. ఆయన తర్వాత బఫెలో విశ్వవిద్యాలయంలో స్థిరపడ్డారు. ఆహారాన్ని ట్రాఫిక్ దీపాల్లా విడదీసిన మనిషి ఆయనే. ఆకుపచ్చవి ఎంతైనా తిను, పసుపువి చూసుకుని తిను, ఎర్రవి వారానికి లెక్కపెట్టుకుని తిను. ఆరేళ్ల పిల్లకు కూడా అర్థమయ్యే పద్ధతి.

ఆయన లావుగా ఉన్న తల్లిదండ్రులనూ పిల్లలనూ మూడు గుంపులు చేశారు. తిండి గురించి, వ్యాయామం గురించి మూడు గుంపులకూ చెప్పింది ఒకటే. తేడా ఎవరి ప్రవర్తన మార్చాలన్న దగ్గరే. మొదటి గుంపులో పిల్లా, తల్లిదండ్రులూ ఇద్దరూ మారాలి, మారినందుకు ఇద్దరికీ మెచ్చుకోలు. రెండో గుంపులో పిల్లలకు మాత్రమే. మూడో గుంపులో తరగతులకు వచ్చినందుకే మెచ్చుకోలు. పదేళ్ల తర్వాత మళ్లీ చూశారు. ఉండవలసినదానికన్నా ఎంత శాతం ఎక్కువ బరువున్నారన్న లెక్కలో మొదటి గుంపు పిల్లలు 7.5 తగ్గారు. పిల్లలొక్కరినే దిద్దిన గుంపులో 4.5 పెరిగింది. మూడో గుంపులో 14.3 పెరిగింది. 1990లో అచ్చయిన ఈ అంకెలు ఇప్పటికీ పిల్లల వైద్యులు గుర్తుచేసుకునేవి.

పదేళ్లంటే పిల్లవాడు బడి దాటి, కాలేజీ దాటి, ఉద్యోగం వెతుక్కునే వయసు. అన్నాళ్ల పాటు ఆ తేడాను నిలబెట్టింది ఇంట్లో పెద్దవాళ్లు కూడా మారడమే.

మన ఇళ్లలో జరిగేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. నాన్నకు సాయంత్రం మిరపకాయ బజ్జీలు, చంటివాడికి కీరా ముక్కలు. అక్కకు పరోటా, తమ్ముడికి పుల్కా. 'నువ్వు తినకూడదురా' అన్న మాట రోజూ వినే పిల్లవాడికి తిండి మీద కన్నా తన మీద తనకు అసహ్యం పుడుతుంది. ఇంకోవైపు నానమ్మ 'ఇదొక్క ముద్ద నాన్నా, నా కోసం' అంటూ పెడుతుంది. ఆవిడను తప్పు పట్టడానికి లేదు. ఆవిడ ఎరిగిన కాలంలో పిల్లలు చిక్కిపోయి జబ్బుపడేవారు, బొద్దుగా ఉండడమే ఆరోగ్యం. నానమ్మను కూడా డాక్టరు గదిలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టడమే మంచిది.

పేగుల శాస్త్రం కూడా ఈ మాటకే దన్నుగా నిలుస్తోంది. ఇటలీలోని ట్రెంటో విశ్వవిద్యాలయం నుంచి నికోలా సెగాటా బృందం 2023లో 9,700కు పైగా నమూనాలు పరిశీలించింది. ఒకే ఇంట్లో ఉండేవాళ్లు పేగు బ్యాక్టీరియాను కూడా పంచుకుంటారని తేలింది. మొదటి ఏడాదిలో బిడ్డ పేగుల్లో తల్లితో ఉమ్మడిగా ఉండే రకాలు దాదాపు సగం. ఎలుకల బోనులో జరిగింది, కొంత నెమ్మదిగానైనా, మన ఇళ్లలోనూ జరుగుతూనే ఉంటుంది.

మన పళ్లెంలో

1990లో మన దేశంలో 5 నుంచి 19 ఏళ్ల మధ్య ఊబకాయం ఉన్న పిల్లలు దాదాపు 4 లక్షలు. 2022కి 1 కోటీ 25 లక్షలు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో ఐదేళ్లలోపు అధిక బరువు పిల్లల వాటా 2.1 శాతం నుంచి 3.4 శాతానికి చేరింది. ఇవి తక్కువగా కనిపించే అంకెలు. కానీ మన పిల్లల విషయంలో తూకం సగమే చెబుతుంది. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్ అక్కడి పసికందులను ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ పసికందులతో పోల్చారు. మన పిల్లల బరువు సగటున 2.7 కిలోలు, వాళ్లది 3.5. కండా అవయవాలూ మన పిల్లల్లో తక్కువ, కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. సన్నగా కనిపిస్తూనే కొవ్వు దాచుకునే శరీరం మనది. అందుకే భారత పిల్లల వైద్యుల సంఘం 2015 నాటి పట్టికల్లో హద్దులను కిందికి దించింది. ఇంట్లో చూసుకోవడానికి టైలరు టేపు చాలు. ఐదేళ్లు దాటిన పిల్లల నడుము కొలత ఎత్తులో సగం దాటకూడదు.

పిల్లలకు ఆకలితో మాడ్చే డైటింగ్ పెట్టకూడదు. ఎదిగే ఒళ్లు అది. చాలామంది పిల్లలకు బరువు ఉన్నచోటే నిలబెట్టి ఎత్తును పెరగనిస్తే చాలు. ఇంట్లో మారవలసింది ముందుగా గ్లాసు. నెదర్లాండ్స్‌లో 641 మంది పిల్లలకు ఏడాదిన్నర పాటు రోజుకో 250 మి.లీ. పానీయం ఇచ్చారు. సగం మందికి చక్కెరతో, సగం మందికి చక్కెర లేకుండా. అదొక్కటే తేడా. చక్కెర తాగినవాళ్లు ఒక కిలో ఎక్కువ పెరిగారు. పాలల్లో కలిపే పొడులకూ ఇదే వర్తిస్తుంది. వాటిని 'హెల్త్ డ్రింక్' వర్గం నుంచి తీసేయమని 2024 ఏప్రిల్‌లో కేంద్రమే ఈ-కామర్స్ సంస్థలకు చెప్పవలసి వచ్చింది.

తర్వాత అన్నం గుట్ట. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం మనం తినే శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించకూడదు. పప్పు, కూర, పెరుగు కలిసి అన్నాన్ని మించాలన్నమాట. తెల్లన్నం మాని కొర్రన్నం అంతే గుట్టగా పెట్టి లాభం లేదు. పీచు కావాలంటే చిరుధాన్యం ఒక్కటే దారి కాదు. తోటకూర పప్పు, గోరుచిక్కుడు వేపుడు, ఉలవచారు, సాయంత్రం ఉడికించిన శనగ గుగ్గిళ్లు, తొక్కతో తినే జామకాయ అన్నీ మేతే. ఇడ్లీ పిండి పులిసినా ఆవిరి వేడికి అందులోని బ్యాక్టీరియా చనిపోతుంది. పెరుగులో, గోదావరి జిల్లాల తరవాణిలో, చద్దన్నంలో అది బతికే ఉంటుంది. చల్లారిన అన్నంలో కొంత పిండిపదార్థం అరగకుండా పెద్దపేగు దాకా పోతుంది కూడా. వీటితో బరువు తగ్గుతుందని నేను చెప్పను. బ్రెడ్డు, జాము పెట్టే పొద్దున్న వీటికి చోటివ్వమంటాను.

జలుబు చేసిన ప్రతిసారీ మందుల దుకాణంలో అడిగి యాంటీబయాటిక్ వేయడం మానాలి. వైరస్ జలుబుకు అది పనిచేయదు, పేగుల్లోని బ్యాక్టీరియాను మాత్రం ఊడ్చేస్తుంది. అమెరికాలో 3 లక్షల 60 వేలకు పైగా పిల్లల రికార్డులు చూస్తే, రెండేళ్లలోపు యాంటీబయాటిక్స్ వాడిన వాళ్ల బరువు ఐదేళ్ల వయసులో కొద్దిగా ఎక్కువే. నిజంగా అవసరమై డాక్టరు రాసినప్పుడు మాత్రం పూర్తిగా వాడాలి.

నాకు కోపం తెప్పించేది వంటిల్లు కాదు, టైంటేబుల్. ఆరో తరగతి నుంచే ఫౌండేషన్ కోర్సు, తెల్లవారుజామున స్టడీ అవర్, రాత్రి పది దాకా మరో స్టడీ అవర్. అపార్ట్‌మెంట్ భవనంలో క్యాంపస్, గ్రౌండ్ లేదు. పిల్లలకు రోజుకు గంట చెమట పట్టే కదలిక కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పన్నెండేళ్లలోపు పిల్లలకు కనీసం 9 గంటలు, ఆపై వయసు వాళ్లకు 8 గంటలు నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణులు చెబుతారు. మన రెండు రాష్ట్రాల్లో లక్షలాది మంది పిల్లలకు ఈ రెండూ దొరకడం లేదు. నిద్ర చాలనప్పుడు ఆకలి హార్మోన్లు తారుమారవుతాయి, అర్ధరాత్రి బిస్కెట్ పొట్లం చేతికొస్తుంది. ఊబకాయం ఉన్న పిల్లల చేత పన్నెండు వారాలు వ్యాయామం చేయించిన స్పెయిన్ పరిశోధకులకు, తిండి సంగతి అలా ఉంచితే, కదలికతోనే పేగు బ్యాక్టీరియా తీరు మెరుగుపడడం కనిపించింది. ఆట మానిపించి ర్యాంకు తెచ్చుకుంటున్నామనుకుంటే, ఆ ర్యాంకు ఖరీదు పిల్లల ఒంట్లోంచి కడుతున్నాం.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి? మెడ చుట్టూ, చంకల్లో నల్లగా మందంగా పట్టిందంటే అది మురికి కాదు, ఎంత రుద్దినా పోదు. ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి గుర్తు. నిద్రలో గురక, మోకాళ్ల నొప్పులు, ఆడపిల్లల్లో నెలసరి తప్పడం, ఎత్తు పెరగకుండా బరువే పెరగడం, వీటిలో ఏది కనిపించినా పిల్లల వైద్యుడికి చూపించి చక్కెర, కొవ్వులు, కాలేయం పరీక్షలు చేయించాలి. ఒక్కసారి చీటీ రాయించుకుని వస్తే సరిపోదు. అమెరికా నిపుణుల సంఘాలు ఏడాదిలోపు కనీసం 26 గంటలు కుటుంబంతో కూర్చోవాలంటాయి. మన ఓపీల్లో అంత సమయం దొరకదు. నెలకోసారి అదే డాక్టరునో డైటీషియన్‌నో కలవడం మాత్రం మన చేతిలో పనే.

బడి గేటు నుంచి 50 మీటర్లలోపు కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువున్న తినుబండారాలు అమ్మకూడదని ఆహార భద్రత సంస్థ 2020లోనే నిబంధన పెట్టింది. చక్కెర ఎంత ఉందో చెప్పే బోర్డులు పెట్టమని సీబీఎస్‌ఈ 2025లో తన బడులకు చెప్పింది. తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లినప్పుడు మార్కుల కన్నా ముందు వీటి గురించి అడగండి. క్యాంటీన్‌లో ఏం అమ్ముతున్నారు, గేటు పక్కన ఏం అమ్ముతున్నారు, టైంటేబుల్‌లో రాసిన ఆటల పీరియడ్‌లో పిల్లల్ని నిజంగా గ్రౌండ్‌కు పంపుతున్నారా లేక ఆ గంటలో లెక్కలు చెబుతున్నారా అని. నలుగురు కలిసి అడిగితే జవాబు చెప్పక తప్పదు.